పుట్టింటివాళ్ళు చూసేదాకా

ఏప్రిల్ 9

రెడ్డిగూడెం వచ్చేశాను. ఉద్యోగానికి రాజీనామా చేశానని నాన్నకి చెప్పాను. చేయించారని చెప్పలేదు.

శకుంతల మేడం నాశనమైపోవాలి. ఈ మాట రాసుకోవడానికే ఈ డైరీ కొన్నాను. బయటికి అనలేను కదా. పీహెచ్‌డీ చేసినదాన్ని తోట గట్టు మీద నిలబడి దుమ్మెత్తి పోస్తే కూలీలు పని ఆపేసి నవ్వుతారు. ఇక్కడైతే ఎవరూ నవ్వరు. నలుగురిలో ఆవిడ పరువు పోవాలి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరగాలి. అది నేను కళ్ళారా చూడాలి.

మా ల్యాబు పరిశోధన పేపరు నిన్న అచ్చయి బయటికొచ్చింది. మొదటి పేరు ఆవిడ మేనల్లుడు రవికిరణ్‌ది. వాడు చేసిందల్లా గ్రాఫులకి రంగులు మార్చడం. చివరి పేరు, ల్యాబు పెద్దగా, ఆవిడది. నాలుగేళ్ళు కూర్చుని అందులోని కంప్యూటర్ ప్రోగ్రాము రాసింది నేను. నా పేరు అట్టడుగున కృతజ్ఞతల్లో ఉంది, ఫ్రీజర్లు బాగుచేసే కంపెనీ పేరు పక్కన. సొమ్మొకడిది సోకొకడిది.

ఏప్రిల్ 10

మేడంకి మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఏప్రిల్ 21

కోతలు మొదలయ్యాయి. షెడ్డు నిండా బంగినపల్లి. నాన్న నన్ను ట్రేల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతి వ్యాపారికీ కాయ చూపించే ముందు నన్ను చూపిస్తున్నారు.

"మా అమ్మాయండీ, యోగిత. రొమ్ము క్యాన్సరుకి మందు కనిపెట్టింది. అదీ కంప్యూటర్లో. హైదరాబాదులో ఒకావిడ పేరు కొట్టేసింది గానీ, లేకపోతే ఈపాటికి టీవీలో ఉండాల్సింది."

"మందు కాదు నాన్నా, మందు ఎక్కడ పట్టాలో ఆ చోటు" అన్నాను.

"తాళం దొరక్కుండా తాళంచెవి ఎవడు చేస్తాడమ్మా? అసలు పని నీదే."

మా నాన్న తిరుపతిరావు గారికి ఇంటరు తప్పినా మా రివ్యూ కమిటీ కంటే బాగానే అర్థమైంది. చేసింది అదే మరి. ఆపరేషన్ జరిగిన ప్రతి మనిషి నుంచీ రెండు ముక్కలు తీసుకున్నాం. ఒకటి గడ్డలోది, ఒకటి దాని పక్కన ఉన్న మంచి కండ. ఏ ముక్కలో ఏ జన్యువు ఎంత గట్టిగా పనిచేస్తోందో కొలిచి, ఆ అంకెలన్నీ యంత్రానికి పెట్టి, ఏది గడ్డో ఏది కాదో పోల్చుకోవడం నేర్పాను. నేర్చుకున్నాక, దేన్ని చూసి పోల్చావని అడిగాను. ఎన్నిసార్లు అడిగినా ఒకే జన్యువుని ముందుకు తోసింది. దానికి మేం లాక్ అని ముద్దుపేరు పెట్టుకున్నాం. దాన్ని మూసేసే మాత్ర ఇప్పటికే ఉంది, కీళ్ళ నొప్పులకి వాడేది. అందుకే హార్మోను మందులకి లొంగని రకం క్యాన్సరు వాళ్ళ మీద ట్రయల్‌కి అంత త్వరగా అనుమతి వచ్చింది.

వేరే దేశాల డేటాలో లాక్ అంత పైకి రాలేదు. విజయవాడలో మేం ఒప్పందం పెట్టుకున్న ఆస్పత్రి ముక్కల్లోనే వచ్చింది. 'ఇది ఈ ప్రాంతపు స్త్రీల వ్యాధిలోని ప్రత్యేకత' అని పేపర్లో ఒక వాక్యం ఉంది. అదీ నేను రాసిందే. కామా కూడా మార్చకుండా వేసుకున్నారు.

ఏప్రిల్ 28

కాయ తొడిమ విరుస్తుంటే సొన పడి ముంజేయి కాలింది. అమ్మ కొబ్బరినూనె రాసింది. ఆ సొన ఆవిడ మొహం మీద పడాల్సింది.

మే 6

పట్టరాని సంతోషం. వరసగా రాస్తాను.

మా షెడ్డులో కాయలు గ్రేడింగు చేసే పుష్పవతికి రొమ్ములో గడ్డ. ఇవాళ ఆపరేషన్. విజయవాడలో అదే ఆస్పత్రి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళెవరైనా పక్కన ఉంటే బాగుంటుందని అమ్మ నన్ను పంపింది. నాలుగేళ్ళు ఆ ఆస్పత్రి అంకెలతో కాపురం చేశాను గానీ లోపలికి వెళ్ళడం ఇదే మొదలు.

ఆపరేషన్ అయిపోయింది. నర్సు స్టీలు ట్రే పట్టుకుని బయటికొచ్చింది. పైన ఆకుపచ్చ గుడ్డ.

"పుష్పవతి తాలూకు ఎవరండీ? చూసుకోండి."

పుష్పవతి మొగుడు చూశాడు, తల తిప్పుకున్నాడు. నర్సు ట్రే లోపలికి తీసుకెళ్తుందనుకున్నాను. ఆయన అడ్డం నిలబడ్డాడు.

"మా బావ రావాలండీ. చాట్రాయి నుంచి బయలుదేరాడు. బస్సులో ఉన్నాడు."

"మీరు చూశారుగా?"

"నేను చూస్తే లాభమేంటండీ? పుట్టింటోళ్ళు చూడాలిగా. రేపు మా ఆడమనిషికి ఏదన్నా అయితే, అసలు తీశారో లేదో అని నన్ను నిలదీస్తారు. బావ చూసేదాకా ఉంచండి, మీకు పుణ్యం ఉంటది."

నర్సు విసుక్కోలేదు. ట్రేని కారిడార్లో బల్ల మీద పెట్టి గుడ్డ సర్ది వేరే పనికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి అడిగాను, ఎప్పుడూ ఇంతేనా అని.

"మీ వైపు వాళ్ళంతా ఇంతేనండీ. అన్నో తమ్ముడో మేనమామో, పుట్టింటి తరఫున ఒకరు చూడందే కదలనివ్వరు. మొదట్లో గొడవలయ్యేవి. ఇప్పుడు మేమే అలవాటు పడ్డాం."

"పక్కన తీసిన మంచి కండ కూడా ఇలాగే ఉంచుతారా?"

"అదెవరు చూస్తారండీ? లోపలే సీసాలో వేసి వెంటనే ఫ్రీజర్లో గడ్డకట్టించేస్తాం."

కారిడార్లో ఫ్యాను కూడా లేదు. మే నెల ఎండ. వీరయ్య, అదే పుష్పవతి అన్న, తోటలో కోత మధ్యలో వదిలి వచ్చాడు కాబట్టి మొదటి బస్సు తప్పిపోయింది. వచ్చాడు. గుడ్డ తీయించి చూశాడు. "ఇంత పెరిగేదాకా చెప్పలేదేంటమ్మా" అని ట్రేతోనే అన్నాడు. కళ్ళు తుడుచుకుని సరేనన్నాడు. అప్పుడు, అప్పుడు మాత్రమే, నర్సు చిన్న ముక్క కోసి సీసాలో వేసింది. సీసా మీద మా సంస్థ స్టిక్కరు ఉంది.

మామిడి తోటలో పుట్టినదాన్ని, నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కోసిన కాయ చచ్చిన కాయ కాదు. చెట్టు నుంచి విడిపోయాక కూడా లోపల పని సాగుతూనే ఉంటుంది. పొద్దున కోసింది సాయంత్రానికి అదే కాయ కాదు. కోసిన కండా అంతే. నెత్తురు అందక ఆ కణాలు అల్లాడతాయి, కొన్ని జన్యువులు గగ్గోలు పెడతాయి. లాక్ అలా గగ్గోలు పెట్టే రకమే. గడ్డ ముక్కలన్నీ ట్రేలో పుట్టింటివాళ్ళ కోసం ఎదురుచూశాయి. మంచి ముక్కలేవీ ఎదురుచూడలేదు. రెంటికీ తేడా అదే. నా యంత్రం నేర్చుకుంది క్యాన్సర్ని కాదు, చాట్రాయి బస్సు ఎంత ఆలస్యమైందో నేర్చుకుంది.

వేసవి ముక్కల్లో లాక్ ఇంకా ఎక్కువగా ఉందని, ఎండకీ జన్యువులకీ సంబంధం ఉండొచ్చని రవికిరణ్ ఒక పేరా రాశాడు. కోతల రోజుల్లో అన్నదమ్ములకి తీరిక ఉండదురా నాయనా!

మే 7

నవ్వు ఆగడం లేదు. అమ్మ రెండుసార్లు అడిగింది ఏంటే అని.

మే 8

తప్పు నాది కాదు. నాకు అంకెలిచ్చారు, నేను చేయాల్సింది చేశాను. పైగా పేపరు మీద నా పేరే లేదు. ఎంత మేలు చేశావు మేడం!

మే 10

ల్యాబులో నా జూనియర్ దీవెనకి ఫోన్ చేశాను. మాటల్లో మాటగా ముక్కలు ఎలా వస్తాయో అడిగాను.

"మంచి కండ సీసాలు ముందే గడ్డకట్టి ఉంటాయక్కా. గడ్డవి కాస్త లేటు. ఎందుకక్కా?"

"ఏంలేదులే, ఊరికే."

అదే చెప్పింది, జూలై పంతొమ్మిదిన హైదరాబాదులో పెద్ద సభ ఉందని. విదేశాల నుంచి వస్తున్నారట. మేడం లాక్ గురించి మాట్లాడుతుందట. ప్రశ్నలకి సమయం ఇస్తారు కదా. నేను వెళ్తాను. వెనక వరసలో కూర్చుని, మైకు తీసుకుని ఒక్కటే అడుగుతాను: మేడం, గడ్డ ట్రేలో ఎంతసేపు ఉంది? ఆవిడకి అర్థం కాదు. అప్పుడు వివరంగా చెబుతాను, నెమ్మదిగా, అందరికీ వినబడేలా.

ట్రయల్లో మనుషుల్ని చేర్చుకోవడం మొదలైందని కూడా చెప్పింది. ఆలోచించాను. ఆపరేషన్‌ని నెల వెనక్కి జరిపి, ఆ నెల మాత్ర ఇస్తారు. పాత మాత్రే, ఊరంతా మోకాళ్ళకి మింగుతున్నదే. ఎవరికీ ఏమీ కాదు.

నాన్నకి ఇప్పుడే చెప్పను. నోట్లో నువ్వుగింజ నానదు ఆయనకి. సాయంత్రానికి నూజివీడు మార్కెట్టంతా తెలిసిపోతుంది, రేపటికి హైదరాబాదు చేరుతుంది.

మే 14

ఏ చీర కట్టుకోవాలో ఆలోచించాను. ముదురు ఆకుపచ్చది. తోటలో రసాల చెట్ల మధ్య నిలబడి ప్రశ్న పైకి అని చూసుకున్నాను. గొంతు బాగానే వచ్చింది.

మే 22

అమ్మకి కూడా గడ్డ ఉంది.

నాకు చెప్పలేదు. పుష్పవతికి చెప్పింది. కుట్లు చూడ్డానికి వెళ్ళి, తలుపు వేసి, నీకు ఎలా మొదలైందే అని అడిగిందట. పుష్పవతి నా దగ్గరికి వచ్చి, "అమ్మగారు కోతలు అయ్యేదాకా చెప్పొద్దన్నారు గానీ, నేను ఊరుకోలేనండీ" అంది.

"ఎప్పటినుంచే?" అని అమ్మని అడిగాను.

"పూత అప్పటినుంచి. కోతలయ్యాక చూపించుకుందామనుకున్నా. ఇంతమంది కూలీలకి వండిపెట్టాలి, నేను ఆస్పత్రిలో కూర్చుంటే ఎలాగ?"

ఈ జిల్లాలో ఆడదానికి జబ్బు చెయ్యాలన్నా మామిడికాయల అనుమతి కావాలి. బాగా తిట్టాను. చెప్పకుండా దాచుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదన్నాను.

జూన్ 1

హార్మోను మందులకి లొంగని రకమే. చిన్నదే, చంకలో ఏమీ లేదు, వెంటనే తీసేస్తే మంచిదన్నాడు డాక్టరు. పదో తారీఖున ఆపరేషన్ అనుకున్నాం.

అమ్మ ఏడవలేదు. ఆవకాయ ముక్కలు ఎవరు కొడతారని అడిగింది.

జూన్ 4

హైదరాబాదు వెళ్తున్నాను. ఆ సభలోకి వెళ్ళాలంటే పేరు నమోదు చేయించుకోవాలి. దీవెన దగ్గర రవికిరణ్ స్లైడ్లు ఉన్నాయట, చూడాలి. ఎనిమిదో తారీఖుకల్లా వచ్చేస్తాను. అమ్మ వెళ్ళమనే అంది.

జూన్ 8

వచ్చేశాను. స్లైడ్లు చూశాను. ట్రే అన్న మాట ఎక్కడా లేదు. అద్భుతం.

ఆపరేషన్ కాస్త వెనక్కి వెళ్ళిందని నాన్న చెప్పారు. డాక్టరు ముందు ఏవో మాత్రలు వాడమన్నారట. నాన్న ముఖంలో ఏదో దాచుకున్న సంతోషం. ఎందుకు వెనక్కి వెళ్ళిందని నేను అడగలేదు. ప్రయాణం వల్ల అలసిపోయాను.

జూన్ 10

ఇవాళ ఆపరేషన్ జరగాల్సిన రోజు. అమ్మ షెడ్డులో కలెక్టరు రకం కాయలు ఏరించింది.

అలమరలో తెల్ల డబ్బా ఒకటుంది. మీద మందు పేరు లేదు. సరిగా చూడలేదు.

జూన్ 13

ఏ డాక్టరైనా ఆపరేషన్‌కి ముందు మాత్రలు ఇవ్వొచ్చు. రక్తానికి ఇస్తారు, నిద్రకి ఇస్తారు. పేరు లేని డబ్బాలు చాలా ఉంటాయి. నేను డాక్టర్ని కాదు.

జూన్ 14

నాన్న ఇక ఆగలేకపోయారు. భోజనాల దగ్గర చెప్పేశారు.

"నీ మందేనమ్మా. విజయవాడ ఆస్పత్రికి నేనే వెళ్ళి అడిగాను. ట్రయల్ అంటగా, పేరు రాయించాను. ఆవిడ నీ పేరు పేపర్లో కొట్టేసిందేమో గానీ, మందు మన ఇంట్లో పడకుండా ఆపగలదా? నువ్వొచ్చేసరికి మొదలుపెట్టి నీకు చూపిద్దామని చెప్పలా."

అమ్మ మజ్జిగ పోస్తూ, "నీ మందు తిన్నప్పటినుంచీ ఒకటే వికారమే" అంది. "కనిపెట్టేటప్పుడు కాస్త కడుపు సంగతి కూడా చూసుకోవాల్సింది."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం తిన్నాను కూడా.

జూన్ 15

నెల రోజులే. సగం దారిలో ఉన్నట్టే. మాత్ర అయిపోయాక ఎలాగూ ఆపరేషన్ చేస్తారు. సభ జూలై పంతొమ్మిదిన. అమ్మ ఆపరేషన్ అంతకు ముందే అయిపోతుంది. ఆ తర్వాత నేను వెళ్ళి నిలబడి అడుగుతాను. ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడే చెబితే మేడం గుట్టుగా సర్దుకుంటుంది. తప్పు ఒప్పుకున్న మహానుభావురాలని పేరు కూడా కొట్టేస్తుంది. ఆ పేరు ఆవిడకి ఎందుకు దక్కాలి?

ఎవరికీ నష్టం లేదు.

జూన్ 17

ఎవరికీ నష్టం లేదు.

జూన్ 24

పుష్పవతి వచ్చింది. కీమోకి జుట్టు రాలిపోతోందని తలకి గుడ్డ కట్టుకుంది. అమ్మ దానికి కొత్త ఆవకాయ పెట్టింది. వెళ్తూ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"అమ్మాయిగారూ, ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోవద్దు."

"అడుగు."

"నన్నేమో కోశారు. అమ్మగారికేమో మాత్రలంట. మీ తోటలోనే ఇన్నేళ్ళు పనిచేశాగా. ఆ మందు సంగతి నాకెందుకు చెప్పలా మీరు? పెద్దోళ్ళకేనా అది?"

"నీకు ఆపరేషనే మంచిది పుష్పవతీ."

అది నా ముఖంలోకి చూసింది. "అట్టయితే అమ్మగారికి మంచిది కాదా?"

లోపల ఫోన్ మోగుతోందని చెప్పి వచ్చేశాను. ఫోన్ మోగలేదు.

జూన్ 29

అమ్మ స్నానం చేసి వచ్చి పిలిచింది. తలుపు వేయమంది.

"చెయ్యి పెట్టి చూడవే. తగ్గిందంటావా? నాకైతే తెలియట్లేదు. నీకు తెలుస్తుందిగా, నీ మందేగా."

చెయ్యి పెట్టాను. మే నెలలో మొదటిసారి చూసినప్పుడు పిందెంత ఉంది. ఇప్పుడు వేళ్ళ కింద నిండుగా తగిలింది. చెయ్యి వెనక్కి తీయలేకపోయాను. అమ్మ నా ముఖమే చూస్తోంది, పరీక్ష రాసిన పిల్లలా.

"తగ్గిందా?"

"కొంచెం" అన్నాను.

పెరట్లోకి వెళ్ళి మేడంకి ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. వెంటనే ఎత్తింది.

"చెప్పమ్మా యోగితా" అంది, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

మొత్తం చెప్పాను. ట్రే, గుడ్డ, పుట్టింటివాళ్ళు, కారిడారు, మే నెల ఎండ. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర ఒకటే అడిగింది, "మంచి కండ ఎక్కడ గడ్డకట్టిస్తారు?" లోపలే, తీసిన వెంటనే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను ఇన్ని నెలలుగా ఊహించుకున్న నిశ్శబ్దం అది. సభలో వినాల్సింది జామచెట్టు కింద విన్నాను, ఏ రుచీ లేదు.

"అయితే మనం కొలిచింది ఎదురుచూపుని" అంది చివరికి.

మనం అంది. ఇప్పుడు మనం!

"పొద్దున్నే ట్రయల్ ఆపిస్తాను. నీకు ఆస్పత్రిలో ఎవరు చెప్పారు ఇదంతా?"

"మా అమ్మ ఉంది ట్రయల్లో."

"అయ్యో" అంది. నిజంగానే అంది. ఆ ఒక్క మాట అబద్ధంగా అని ఉంటే ఎంత బాగుండేది!

జూన్ 30

అమ్మకీ నాన్నకీ చెప్పాను. ఆ మందు పనిచేయదని, లెక్క తప్పిందని, వెంటనే ఆపరేషన్ చేయించాలని. నాన్న కుర్చీలో వెనక్కి వాలి, "పేరు కొట్టేసిన పాపం ఊరికే పోతుందా?" అన్నారు. పాపం ఎవరిదో నేను చెప్పలేదు.

అమ్మ అడిగింది.

"నీకెప్పుడు తెలిసిందే?"

"నిన్న."

జూలై 5

ఆపరేషన్ అయ్యింది. గడ్డ అనుకున్నదానికంటే పెద్దది. చంకలో రెండు గ్రంథుల్లోకి వచ్చిందట. వాటినీ తీశారు. కీమో ఎక్కువ కాలం ఉంటుంది, రేడియేషన్ కూడా.

"పదో తారీఖునే తీసుంటే చంకలోకి వచ్చేది కాదాండీ?" అని నాన్న అడిగారు.

"అలా కచ్చితంగా చెప్పలేమండీ" అన్నాడు డాక్టరు.

చెప్పలేరు. ఏ యంత్రమూ చెప్పలేదు. నేను చెప్పగలను, నా చేతికి తెలుసు.

జూలై 6

మేడం ప్రకటన ఇచ్చింది. తప్పు ఒప్పుకుంది. ట్రయల్ ఆపింది, పేపరు వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటన దీవెన పంపింది, ఎక్కడ చూసినా ఆవిడ నిజాయితీ గురించే రాస్తున్నారట. నేను అనుకున్నట్టే. అక్షరం తేడా లేకుండా నేను అనుకున్నట్టే. పళ్ళు నూరుకున్నాను.

జూలై 9

ఇవాళ ఆవిడ ఆస్పత్రికి వచ్చింది. ట్రయల్లో ఉన్న ప్రతి మనిషినీ స్వయంగా కలుస్తోందట. చేతిలో యాపిల్ పళ్ళు. మామిడి రైతు భార్యని చూడ్డానికి యాపిల్స్ తెచ్చింది. సన్నబడింది. కాటన్ చీర నలిగి ఉంది. ఆ నలిగిన చీర చూసి కూడా నాకు జాలి కలగలేదు. ఇది నిజం, రాసుకుంటున్నాను.

అమ్మ మంచం మీద లేవబోయింది. మేడం వారించి పక్కన కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నన్ను క్షమించండి నాగేంద్రమ్మ గారూ. మా తప్పు వల్ల మీకు నెల ఆలస్యమైంది."

"మీరేం చేస్తారమ్మా, తెలిసి చేశారా ఎవరన్నా?" అంది అమ్మ. "మా పిల్ల చెప్పబట్టి సరిపోయింది. దానికి వాళ్ళ నాన్న పోలికే. కడుపులో ఏదీ దాచుకోలేదు."

నాన్న తలూపారు. మేడం నావైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"అవునండీ" అంది మేడం. "తెలిసిన వెంటనే ఫోన్ చేసింది."

అమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "పేరు గొడవలు ఏవేవో ఉన్నాయంట మీ ఇద్దరి మధ్యా. నాకు తెలియదు. ఇది ఫోన్ చెయ్యగానే మీరు పంతానికి పోకుండా ఆపేశారు. ఇంకొకరైతే ఆపేవాళ్ళా? ఏమే, అలా నిలబడ్డావేంటి? మేడం గారికి దణ్ణం పెట్టు."

"అమ్మా..."

"పెట్టవే. పెద్దావిడ."

నాన్న కూడా చూస్తున్నారు. వంగాను. ఏప్రిల్ నుంచి ఏ మనిషి ముఖం నేల చూడాలని కోరుకున్నానో ఆవిడ కాళ్ళు ముట్టుకున్నాను. ఆవిడ నా భుజాలు పట్టుకుని లేపి, కౌగిలించుకున్నట్టు దగ్గరికి తీసుకుని, నా చెవికి మాత్రమే వినబడేలా అంది.

"దీవెన చెప్పింది. నువ్వు మే నెలలో అడిగావట."



ఆవిడ నన్ను వదిలి, మామూలు గొంతుతో, అందరికీ వినబడేలా మొదలుపెట్టింది. ఈ తప్పు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో కొత్త పేపరు రాస్తున్నారట. మిగతా ల్యాబులకి ఇది తెలియాలట. అందులో మొదటి పేరు యోగితది. రవికిరణ్ పేరు ఉండదు. నాన్న గట్టిగా ఊపిరి వదిలారు. అమ్మ నా చెయ్యి నొక్కింది.

"ఒక్కటే కావాలమ్మా నాకు" అంది మేడం. "ఎప్పుడు గమనించారో తేదీ వెయ్యాలి. నువ్వు ఏది చెబితే అది వేస్తాను. ఏం వెయ్యమంటావు?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. అది ఉన్నా తట్టుకునేదాన్ని. నన్ను చూసి జాలిపడుతోంది.

"చెప్పవే" అంది అమ్మ. "ఆ రోజే కదా, నా దగ్గర్నుంచి పెరట్లోకి వెళ్ళి చేశావు."

"జూన్ ఇరవై తొమ్మిది" అన్నాను.

మేడం ఫోన్లో రాసుకుంది. అమ్మ ఆవిడకి యాపిల్ కోసి పెట్టమని నాతో అంది. కోసి పెట్టాను.